రాగి జావ, పొద్దుటి నడక చాలవు: వృద్ధాశ్రమాల నిర్వాహకులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వృద్ధాశ్రమాలు, పగటి సంరక్షణ కేంద్రాలు నడుపుతున్నవారికి, అక్కడి వంటశాల బాధ్యులకు నమస్కారం.

ఆశ్రమాల గోడ మీద సాధారణంగా రెండు కాగితాలు కనిపిస్తాయి. ఒకటి వారం మెనూ, రెండోది దినచర్య. మెనూ వంటింట్లో తయారవుతుంది, దినచర్య ఆఫీసు గదిలో. ఒకటి రాసేటప్పుడు రెండోదాని ఊసు ఎవరికీ ఉండదు. మెనూలో చాలినంత ప్రొటీన్, దినచర్యలో కోలాటం లాంటి ఆట ఉండేలా ఆ రెండింటినీ కలిపి ఒకే కాగితం చేయమని అడగడానికే ఈ లేఖ.

మంచం మీంచి లేవడం, బాత్రూమ్‌కు వెళ్లిరావడం, రెండు మెట్లెక్కడం. పెద్దవాళ్లకు కదలిక అంటే ఇంతే. ఇది తొడ కండ మీద, తుంటి పక్కన ఉండే కండ మీద, పాదం నేలను పసిగట్టే తీరు మీద ఆధారపడుతుంది. ఆరోగ్యంగా ఉన్న వృద్ధులే పది రోజులు మంచానికి పరిమితమైతే కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. జ్వరమొచ్చి వారం పడుకున్న పెద్దాయన లేచాక గోడ పట్టుకుని నడుస్తున్నాడంటే కారణం నీరసం ఒక్కటే కాదు. కండ పోయింది. దాన్ని తిరిగి కట్టకపోతే అక్కడే ఆగిపోతాడు.

కట్టాలంటే తిండి, వ్యాయామం రెండూ కావాలి. 1994లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో సగటు వయసు 87 ఏళ్లున్న వందమందిని నాలుగు జట్లుగా చేసి పది వారాలు చూశారు. కొందరికి కాళ్ల కండలకు బరువుల వ్యాయామం, కొందరికి పోషక పానీయం, కొందరికి రెండూ, కొందరికి రెండూ లేవు. వ్యాయామం చేసినవాళ్ల కాళ్ల బలం రెట్టింపుకు పైగా పెరిగింది. పానీయం మాత్రమే తాగినవాళ్ల బలహీనత తగ్గలేదు. పైగా పానీయం వల్ల రోజు మొత్తం మీద తిండి పెరిగింది కూడా, వ్యాయామంతో పాటు దాన్ని తాగినవాళ్లలోనే. కదలని మనిషికి డబ్బా పొడి కలిపిస్తే అది అన్నంలో కోత పడటానికే పనికొస్తుంది. దాతలు పంపే పొడి డబ్బాలను బీరువాలో పేర్చుకునేవారు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

ముందు పళ్లెం సంగతి. 55 కిలోల బరువున్న ఒక అమ్మమ్మకు రోజుకు ఎంత ప్రొటీన్ కావాలి? వృద్ధుల పోషణ నిపుణులు కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు అంటున్నారు. అంటే 55 నుంచి 66 గ్రాములు. మామూలు ఆశ్రమం మెనూ లెక్క కట్టండి. పొద్దున మూడు ఇడ్లీలు, చట్నీ: 7 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యం వండిన అన్నంలో 12, మనిషికి 15 గ్రాముల పప్పు కూడా పడని నీళ్ల పప్పుచారులో మూడున్నర, పల్చటి మజ్జిగలో ఒకటి. సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు: రెండున్నర. రాత్రి ఉప్మా: ఆరు, ఆరున్నర. మొత్తం 33 దాటదు. కడుపు నిండుతుంది, కండకు మాత్రం సగం పస్తే.

రాగి జావ మీద మనకున్న నమ్మకాన్ని కొంచెం కదపాలి. ఒక గ్లాసు జావకు 30 గ్రాముల రాగిపిండి పడుతుంది. అందులో కాల్షియం 110 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, మంచిదే. ప్రొటీన్ మాత్రం రెండు గ్రాములే. జావ మానక్కర్లేదు, నీళ్లతో కాచకుండా 150 మిల్లీలీటర్ల పాలతో కాచి, చివర్లో రెండు చెంచాల పుట్నాల పొడి కలపండి. రెండు గ్రాములు పదకొండు అవుతుంది. పక్షవాతం వచ్చి మింగడం కష్టమైనవాళ్లకు మాత్రం పల్చటి జావ ప్రమాదం, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాళ్లకు చెంచాలోంచి నెమ్మదిగా జారేంత చిక్కగా ఉండాలి, నిటారుగా కూర్చోబెట్టి పట్టాలి.

ప్రొటీన్ మొత్తం ఎంతన్నదే కాదు, ఏ పూట ఎంతన్నదీ ముఖ్యమే. వయసు మీద పడ్డాక కండకు కొంత చెవుడు వస్తుందనుకోండి. పడుచు వయసులో పూటకు 20 గ్రాములు అందితే కండ కట్టే పని మొదలవుతుంది. డెబ్బై ఏళ్లకు ఆ పిలుపు వినపడాలంటే 25 నుంచి 30 కావాలి. అయితే ముందు ఆ కండకు కాస్త శ్రమ పెట్టి ఉంటే తిన్నదాన్ని అది మెరుగ్గా వాడుకుంటుంది. అందుకే మా సలహా: రోజులో ఎక్కువ ప్రొటీన్ ఉన్న భోజనం, ఆట తర్వాత వచ్చే భోజనమే కావాలి.

కొలతలు ఇలా ఉండొచ్చు. ఎనిమిది గంటలకు 60 గ్రాముల పెసలతో పెసరట్లు, 150 మిల్లీలీటర్ల పాలు: 19 గ్రాములు. రోజూ పెసరట్టు పెట్టలేరు కాబట్టి మిగతా రోజుల్లో ఇడ్లీకి కొబ్బరి చట్నీ బదులు పుట్నాల చట్నీ, చిక్కటి సాంబారు, పాలు. ఆట ఉన్న రోజు అది ముగిశాక 25 గ్రాముల పుట్నాల పొడి కలిపిన 100 మిల్లీలీటర్ల పాలు, లేదా పాలతో కాచిన జావ: 9. మధ్యాహ్నం మనిషికి 40 గ్రాముల కందిపప్పు పడేలా ముద్దపప్పు గానీ ఆకుకూర పప్పు గానీ, 100 గ్రాముల బియ్యం అన్నం, ఒక గుడ్డు, 150 గ్రాముల గడ్డపెరుగు: 28. గుడ్డు తిననివారికి 15 గ్రాముల మీల్‌మేకర్ గానీ 40 గ్రాముల పనీర్ గానీ దాని చోట వస్తుంది. రాత్రి రెండు పుల్కాలు లేదా జొన్న రొట్టె, 30 గ్రాముల బొబ్బర్లు నానబెట్టి మెత్తగా ఉడికించిన కూర, కాసిని పాలు: 15. ఆట ఉన్న రోజు మొత్తం 71. ఎక్కువ కదా అంటారేమో. పెద్దవాళ్లు వడ్డించిందంతా తినరు. ఐదో వంతు పళ్లెంలో వదిలేసినా 57 లోపలికి పోతుంది. తూకం వేసి వడ్డించి, మిగిలింది తూకం వేయని లెక్క లెక్కే కాదు.

అన్నం 150 నుంచి 100 గ్రాములకు తగ్గించడం మీద గొడవ వస్తుంది. ఒక్కసారిగా తగ్గించకండి. ముందు పప్పు చిక్కన చేయండి, రెండో వారంలో అన్నం గరిటె చిన్నది చేయండి. ఇంకో తప్పు నమలడం దగ్గర. పళ్లు లేనివాళ్లకు ఉడికించిన గుడ్డు పొడిపొడిగా గొంతుకు అడ్డం పడుతుంది, అదే గుడ్డును కొద్దిగా పాలు పోసి పొరటు చేస్తే తింటారు. వేరుశనగలు పొడి కొట్టి పెట్టండి. ఇక ఏకాదశులు, శనివారాలు, కార్తీక సోమవారాలు. ఒంటిపూట ఉండే అమ్మమ్మల్లో చాలామంది రాత్రి పలహారం పేరుతో కాస్త రవ్వ ఉప్మాతో సరిపెట్టుకుంటారు. నియమాన్ని కాదనే పని మనకొద్దు. ఆ నియమంలోనే పాలు, గట్టి పెరుగు, ఉడికించిన వేరుశనగలు ఇమిడే చోటుంటుంది. ఎవరికి ఏ రోజు ఉపవాసమో వంటగది దగ్గర రాసి ఉంచుకుంటే చాలు.

ఈ కొలతలు అందరికీ కావు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ల ప్రొటీన్ మోతాదు వాళ్ల డాక్టరే నిర్ణయించాలి. ఆ పేర్లు విడిగా రాసి, వాళ్ల పళ్లేలకు వేరే రంగు పెట్టండి. షుగర్‌కు ఇచ్చే మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్ల తరబడి వాడే శాకాహారుల్లో విటమిన్ బీ12 తగ్గి పాదాలు మొద్దుబారొచ్చు. మొద్దుబారిన పాదం నేలను పసిగట్టదు, మనిషి తూలతాడు. ఎంత ఆడించినా దీన్ని ఆట బాగుచేయలేదు, రక్తపరీక్ష చేయించి మందు వాడాలి. విటమిన్ డీ కూడా అంతే. పరీక్ష లేకుండా 60,000 యూనిట్ల సాచెట్లు అందరికీ పంచడం సేవ కాదు. జ్యూరిక్‌లో 70 ఏళ్లు దాటి, అప్పటికే ఒకసారి పడ్డవాళ్లకు నెలనెలా ఆ మోతాదు ఇచ్చి చూస్తే, తక్కువ మోతాదు తీసుకున్నవాళ్ల కన్నా ఎక్కువమంది పడ్డారు. ఆ ఫలితం 2016లో వెలువడింది.

ఇప్పుడు ఆట. వాకింగ్ ఉంది కదా అంటారు. నడక గుండెకు మంచిదే కానీ నేరుగా, ఒకే వేగంతో, చదునైన చోట నడిచే మనిషి పక్కకు తూలితే నిలదొక్కుకోవడం నేర్చుకోడు. తుంటి ఎముక ఎక్కువగా విరిగేది పక్కకు పడినప్పుడే. పక్కకు అడుగు వేయించేది, బరువును ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్పించేది, చేయి ఒక పని కాలు ఒక పని చేయించేది, పైగా పాట వింటూ తర్వాతి అడుగు గుర్తుంచుకోమనేది మన దగ్గరే ఉంది. కోలాటం. రాయలసీమ మగవాళ్లకు చెక్కభజన, తెలంగాణ ఆడవాళ్లకు బతుకమ్మ అడుగు. ఒకప్పుడు ఆడినవాళ్లు మీ గదుల్లోనే ఉంటారు, కాళ్లకు గుర్తుంటుంది.

తాళానికి అడుగు కలపడం వల్ల పడిపోవడాలు తగ్గుతాయా? జెనీవాలో, అక్కడి సంగీత గురువు ఎమిల్ జాక్-దాల్‌క్రోజ్ రూపొందించిన పద్ధతిలో, 65 దాటిన 134 మందితో పరీక్షించారు. పియానో లయకు తగ్గట్టు నడవడం, లయ మారితే అడుగు మార్చడం, చేతిలో వస్తువులతో కదలడం. వారానికి ఒక గంట, ఆరు నెలలు. పడిపోవడాలు సగానికి పైగా తగ్గాయని 2011లో ప్రకటించారు. పియానో తీసేసి డోలక్, తాళాలు పెడితే మన కోలాటానికి అది ఎంత దగ్గరో చూడండి. అయితే ఒక తేడా మరవొద్దు. పిల్లలు ఆడే కోలాటం, పోటీల కోలాటం పెద్దవాళ్లకు పనికిరావు. మార్చుకోవాల్సినవి ఉన్నాయి.

వేళతో మొదలుపెడదాం. పరగడుపున ఆరింటికి వద్దు, షుగర్ పడిపోవచ్చు. తిన్న వెంటనే వద్దు, వృద్ధుల్లో భోజనం తర్వాత రెండు గంటల లోపు బీపీ తగ్గడం మామూలే. ఎనిమిదింటికి టిఫిన్ పెడితే పదిన్నరకు మొదలుపెట్టి, పదకొండు పదికి ముగించి, వెంటనే పుట్నాల పాలు ఇవ్వండి. పావుగంటలో తాగకపోతే వృథా అన్న భయం అక్కర్లేదు, ఆడిన కండ ఆ రోజంతా తిండికి స్పందిస్తూనే ఉంటుంది. అప్పుడే పెట్టమనడానికి అసలు కారణం వేరు. అందరూ ఒకచోట ఉంటారు, ఆకలి మీద ఉంటారు, పక్కవాళ్లు తాగుతుంటే వీళ్లూ తాగుతారు. గదికి పంపిన గ్లాసు సగం చల్లారిపోయి సింకులోకి పోతుంది. పన్నెండున్నరకు భోజనం. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు.

నలభై నిమిషాల్లో మొదటి పది కుర్చీల్లోనే. చక్రాలు లేని, చేతులున్న గట్టి కుర్చీలు, గోడకు ఆనించినవి. నిమిషానికి 70 దెబ్బల లయలో మడమలు ఎత్తడం, వేళ్లు ఎత్తడం, కోలలు ఎదురుగా తట్టడం, కుడిపక్క మనిషి కోలకు, ఎడమపక్క మనిషి కోలకు తట్టడం. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్లు ఈ భాగమంతా, ఆ తర్వాతా కూర్చునే ఆడొచ్చు. చక్రాలకు బ్రేకు వేయడం మరవకండి.

తర్వాతి పది నిమిషాలు మాకు అన్నిటికన్నా ముఖ్యమైనవి, అందరూ ఎగ్గొట్టేవీ ఇవే. ఆదితాళం ఎనిమిది దెబ్బల్లో కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మొదటి రెండింటికి పాదాలు వెనక్కి లాగి ముందుకు వంగాలి, ముక్కు కాలివేళ్ల మీదికి రావాలి. మూడు, నాలుగుకు లేవాలి. ఐదుకు ఛాతీ ఎత్తులో కోలలు తట్టాలి. ఆరు, ఏడు, ఎనిమిదికి నెమ్మదిగా కూర్చోవాలి. దబ్బున కూలబడితే ఆ సారి లెక్కలోకి రాదు, ఎందుకంటే కిందికి దిగేటప్పుడు ఆపుకోవడంలోనూ తొడ కండకు మంచి పని. ఐదేసి చొప్పున రెండుసార్లు, మధ్యలో ఒక పాట విశ్రాంతి. లేవలేనివాళ్లు కోలలు ఒళ్లో పెట్టి కుర్చీ చేతులు నొక్కి లేవొచ్చు. పదేసి రెండుసార్లు సునాయాసమైతే లీటరు నీళ్ల సీసా ఛాతీకి ఆనించి పట్టుకుని లేవాలి. ఈ పెంచడం లేకపోతే ఆరు నెలల తర్వాత పాట వచ్చి ఉంటుంది, కండ వచ్చి ఉండదు.

ఆ పైన పదిహేను నిమిషాలు వలయం. ఆరుగురికి ఒక సహాయకురాలు, ఆమె వలయం బయట వెనకే నడవాలి. మనిషికీ మనిషికీ మధ్య నాలుగడుగుల దూరం. పక్కకు రెండడుగులు, తట్టు. వెనక్కి ఒక అడుగు, తట్టు. పాటకు ఒకసారి వలయం దిశ మార్చండి, ఒకే వైపు తిరిగితే ఒకే కాలి మీద భారం పడుతుంది, తల తిరుగుతుంది. వెనక్కి తిరగాల్సి వస్తే మడమ మీద గిర్రున తిరగొద్దు, నాలుగు చిన్న అడుగుల్లో తిరగాలి. కోపు, అంటే అడుగుల వరుస, మార్చేటప్పుడు పాట నడిపించేవారు ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ముందే కేకేయాలి. చివరి ఐదు నిమిషాలు మళ్లీ కుర్చీలో, లయ 60కి దించి.

ఎక్కడ చెడుతుంది? ముందుగా లయ దగ్గర. పాట ముగింపుకు వచ్చేసరికి వేగం పెంచడం కోలాటం స్వభావం, డోలక్ వాయించే చేతికి అది అలవాటు. పెద్దవాళ్ల ఆటలో నిమిషానికి 100 దెబ్బలు దాటొద్దు. ఫోన్‌లో లయ కొట్టే యాప్ ఏదైనా పెట్టుకోండి. రికార్డు పాట కన్నా ఎదురుగా పాడే మనిషి మేలు, ఎవరైనా తడబడితే లయ తగ్గించగలరు. పైగా వంత పాడటమే మంచి కొలత: వంత పాడగలుగుతుంటే తేలిక, పాట ఆగి మాట వస్తుంటే సరైన శ్రమ, మాట కూడా రాకపోతే కూర్చోబెట్టాలి.

జడ కోలాటం వద్దు. పైనున్న తాళ్లు చూడ్డానికి మెడ ఎత్తగానే కొందరికి కళ్లు తిరుగుతాయి. చెక్కభజనలో గెంతులు తీసేయండి. బతుకమ్మలో నడుము వంచి చప్పట్లు కొట్టే అడుగు ఎముకలు గుల్లబారిన వెన్నుకు మంచిది కాదు, వంగిన ప్రతిసారీ వెన్నుపూసల ముందు భాగం నలుగుతుంది. నిలువుగా నిలబడి ఛాతీ ముందు చప్పట్లు కొడితే ఆట చెడదు. కోలలు నున్నగా ఉంటే కీళ్లవాతం ఉన్న వేళ్లలోంచి జారతాయి, పాత నూలుగుడ్డ చుట్టి లావు చేయండి. జారకుండా మణికట్టుకు తాడు కట్టే ఆలోచన మాత్రం వద్దు, తూలినప్పుడు చేయి ఖాళీగా ఉండాలి. నేల అప్పుడే తుడిచి ఉండొద్దు, జంపఖానా పరవొద్దు. కుచ్చిళ్లు చీలమండ పైకి, పంచె ఎగగట్టి. హవాయి చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్నవి. షుగర్ ఉన్నవాళ్లు వట్టికాళ్లతో అసలు ఆడొద్దు.

ఆటకు ముందు ఐదు నిమిషాలు నర్సుకు ఇవ్వండి. కూర్చున్నప్పటి పై బీపీ, నిలబడ్డ మూడు నిమిషాల్లోపు 20 గానీ అంతకుమించి గానీ పడితే ఆ రోజు కుర్చీలోనే. ఇన్సులిన్ గానీ షుగర్‌ను బాగా దించే మాత్రలు గానీ వాడేవారికి షుగర్ 90 కన్నా తక్కువుంటే ముందు ఒక అరటిపండు. 70 కన్నా తక్కువైతే ఆట లేదు, మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. ఛాతీలో నొప్పి, కొత్తగా వచ్చిన ఆయాసం, ఈమధ్యే జరిగిన ఆపరేషన్ ఉన్నవాళ్లు డాక్టరు చెప్పేదాకా చూసేవాళ్లే. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లను వదిలేయకండి, తాళం వినపడితే వాళ్ల అడుగు బాగా పడుతుంది. తిరిగే చోటే కాళ్లు నేలకు అతుక్కుపోతాయి కాబట్టి అక్కడ ఒక చేయి పట్టుకోండి.

మగవాళ్లు రారు. కోలాటం ఆడవాళ్లదని మంచం దిగరు. వాళ్లకు తాళాలు, చెక్కలు ఇచ్చి నిలబడి వాయించమనండి. నిలబడటమూ, బరువు మార్చుకోవడమూ ఎలాగూ జరిగిపోతాయి. మూడో వారానికి వలయంలోకి వచ్చేది ఎక్కువగా వీళ్లే.

ఫలితం చూడ్డానికి యంత్రాలు అక్కర్లేదు. మొదలుపెట్టే ముందు, తర్వాత మూడు నెలలకోసారి నాలుగు కొలతలు రాయండి. చేతులు ఛాతీకి కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేవడానికి పట్టే సమయం: 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్లు బలహీనపడుతున్నట్టు. నాలుగు మీటర్లు మామూలుగా నడవడానికి నాలుగు సెకన్లు మించితే అదీ హెచ్చరికే. దర్జీ టేపుతో పిక్క లావైన చోట చుట్టుకొలత: మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 33 సెంటీమీటర్ల లోపు ఉంటే కండ తగ్గి ఉండొచ్చని ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత. కాళ్లకు వాపు ఉన్నవాళ్ల దగ్గర ఈ టేపును నమ్మకండి. నాలుగోది బరువు, ఇది మాత్రం నెలనెలా. ఆరు నెలల్లో ఐదు శాతం తగ్గితే ఆట పెంచడం కాదు, ముందు డాక్టరుకు చూపించాలి.

నలభై మంది ఉండే ఆశ్రమంలో వచ్చే నెల సరుకుల చీటీలో కొత్తగా చేరేవి ఇవి: రోజుకు కిలో పప్పు అదనం, రాత్రి కూరకు రోజుకు కిలోంపావు బొబ్బర్లు గానీ శనగలు గానీ, నెలకు 13 కిలోల పుట్నాలు, తినేవాళ్లందరికీ గుడ్లు, మధ్యాహ్నానికి రోజుకు 6 కిలోల పెరుగు, రోజుకు 10 లీటర్ల పాలు, ఆట రోజుల్లో ఇంకో నాలుగు. పాలే బరువైన పద్దు. అంత కొనలేకపోతే రాత్రి పాలు తీసేసి మనిషికి 15 గ్రాముల వేరుశనగల పొడి కూరలో కలపండి, మధ్యాహ్నం పెరుగు మాత్రం తగ్గించకండి. బియ్యం రోజుకు రెండు కిలోలు తగ్గుతుంది, అదీ చీటీలో రాయండి. దాతలు పుట్టినరోజుకు స్వీట్లు పంపుతామంటే పప్పో పాలో అడగండి.

ఆ చీటీ కిందే ఆట రోజులు, వేళ, ఆ రోజు డ్యూటీలో ఉండే సహాయకురాలి పేరు రాసి, వంటింట్లోనూ హాల్లోనూ ఒక్కొక్కటి అంటించండి.

ఇట్లు,
వృద్ధుల ఆహారం, వ్యాయామం పనిలో ఉన్న పోషకాహార, ఫిజియోథెరపీ నిపుణులం